బ్రేక్‌ఫాస్ట్‌లో ‘ఫాస్ట్’ ఎందుకుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో సాయంత్రం పూట ఇంగ్లీష్ పాఠాలు చెబుతాను. బ్యాచ్ మారుతుంది, పిల్లలు మారతారు, ‘బ్రేక్‌ఫాస్ట్’ అనే మాట వచ్చినచోట పాఠం మాత్రం ప్రతిసారీ ఆగుతుంది. రోజూ నోట్లో నలిగే మాటే, అయినా విప్పి చూస్తే అందరికీ సందేహాలే. వాటిని అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు సరిపోయేలా రాశాను కాబట్టి మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## మాట కొత్తగా పట్టించుకున్నప్పుడు

బ్రేక్‌ఫాస్ట్ అంటే బ్రేక్ టైంలో ఫాస్ట్‌గా తినేసేది అనే కదా?

కాదు. ఇక్కడ ‘బ్రేక్’ విరామం కాదు, ‘ఫాస్ట్’ వేగమూ కాదు. బ్రేక్ అంటే భంగం చేయడం, విడవడం. ఫాస్ట్ అంటే ఉపవాసం. రాత్రి తిన్న తర్వాత పొద్దున్నదాకా ఏమీ తినకుండా ఉంటాం. ఆ ఉపవాసాన్ని విడిచే మొదటి తిండి బ్రేక్‌ఫాస్ట్. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే “ఒక్కపొద్దు ఇడిసే” తిండి.

ఈ పొరపాటు పడేవాళ్ళను నేను తప్పుపట్టను. ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు బండి దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు చట్నీలో ముంచుకుని తినేవాళ్ళకు ‘ఫాస్ట్’ అంటే తొందర అనిపించడం సహజం. పైగా వీధికో ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ ఉంది. అక్కడి ‘ఫాస్ట్’ మాత్రం నిజంగానే వేగం.

నేనే ఉపవాసమూ ఉండలేదు. రాత్రి బిర్యానీ తిని పడుకున్నా. అది ఫాస్ట్ ఎలా అవుతుంది?

ఉపవాసం అంటే దేవుడి పేరు మీద ఉండేదే అనుకుంటాం కాబట్టి ఈ సందేహం వస్తుంది. తినకుండా గడిపిన సమయం అన్నంతవరకే తీసుకోండి, అర్థమైపోతుంది.

షుగర్ పరీక్షకు మా నాన్నను తీసుకెళ్ళినప్పుడు ల్యాబ్‌లో అమ్మాయి అడిగిన మొదటి మాట, “రాత్రి ఎన్నింటికి తిన్నారు అంకుల్?” తొమ్మిదింటికి అన్నారాయన. అప్పుడు పొద్దున్న ఏడు. పది గంటలయింది, చాలు అంది. ఆ పరీక్షకు కనీసం 8 గంటలు నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. రక్తం తీసి గొట్టం మీద ‘ఫాస్టింగ్’ అని రాసి, “ఇప్పుడు టిఫిన్ చేసి రెండు గంటలకు మళ్ళీ రండి” అంది. బయట సిమెంటు గట్టు మీద కూర్చుని నాన్న ఒక ప్లేటు ఇడ్లీ తిన్నారు. ఫాస్టింగ్ అని రాసిన గొట్టానికీ, రెండో గొట్టానికీ మధ్య ఉన్న ఆ ప్లేటే బ్రేక్‌ఫాస్ట్. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఈ మాట అర్థం నాకు ఇంత స్పష్టంగా కనపడింది ఆ రోజే.

బ్రేక్‌ఫాస్ట్ అనాలా, బ్రెక్‌ఫస్ట్ అనాలా?

ఇంగ్లీష్‌లో పలికేది ‘బ్రెక్‌ఫస్ట్’. రెండు మాటలు కలిసి ఏళ్ళ తరబడి ఒకే మాటగా వాడుకలో ఉంటే అచ్చులు కుదించుకుపోతాయి. మనం బట్టలు పెట్టుకునే ‘కబోర్డు’ కూడా ఇంతే. అది కప్, బోర్డ్ అనే రెండు మాటల కలయిక. కప్పులు పేర్చే బల్ల అన్నది దాని మొదటి అర్థం. పలికేటప్పుడు ‘ప్’ మాయమైంది. తెలుగులో మాట్లాడేటప్పుడు బ్రేక్‌ఫాస్ట్ అంటే తప్పేమీ లేదు. ఇంటర్వ్యూలో ఇంగ్లీష్ మాట్లాడుతుంటే మాత్రం బ్రెక్‌ఫస్ట్ అనండి.

## మాటను విప్పి చూసేటప్పుడు

‘ఫాస్ట్’ అంటే వేగం అంటారు, ఉపవాసం అంటారు. రెండింటికీ ఏంటి సంబంధం?

సంబంధం ఉంది. రెంటికీ మూలం ఒక్కటే, దాని అర్థం ‘గట్టిగా, కదలకుండా’. ఆ పాత అర్థం మన చీరల కొట్లలో ఇంకా బతికే ఉంది. సేల్స్‌మన్ చీర మడత విప్పి, అంచును వేళ్ళ మధ్య నలిపి చూపిస్తూ “ఫాస్ట్ కలర్ మేడం, పోదు” అంటాడు. రంగు తొందరగా పోతుందని కాదు, గట్టిగా పట్టుకుని ఉంటుందని.

ఆ గట్టిదనం నుంచే రెండు దారులు చీలాయి. ఒక నియమాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం, అంటే నోరు కట్టుకుని ఉండటం, ఉపవాసం అయింది. రెండో దారిలో ‘గట్టిగా పరిగెత్తు’ అన్నది ‘వేగంగా పరిగెత్తు’ అయింది. మనం “గట్టిగా నడువు, బస్సు పోతది” అన్నప్పుడు గట్టిగా అంటే వేగంగా అనే కదా. తెలుగులో నోటిదాకా వచ్చిన ఆ మార్పే ఇంగ్లీష్‌లో నిఘంటువుకెక్కింది.

సీటు బెల్టు కట్టుకోమన్నప్పుడు వాడే ‘ఫాసెన్’, గాఢనిద్రను చెప్పే ‘ఫాస్ట్ అస్లీప్’ ఈ కుటుంబంలోవే. ఫాస్ట్ అస్లీప్ అంటే తొందరగా పడుకోవడం అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. గట్టి నిద్ర అని గుర్తుపెట్టుకోండి.

ఇది ఏ సమాసం సార్? తెలుగు వ్యాకరణంలో చెప్పండి.

బహువ్రీహికి దగ్గర. మూడు కన్నులు కలవాడు ముక్కంటి. ఆ మాట కన్నునూ చెప్పదు, మూడునూ చెప్పదు, రెండింటికీ బయట ఉన్న శివుణ్ణి చెబుతుంది. బ్రేక్‌ఫాస్ట్ కూడా అంతే. అది ఒక రకం ఉపవాసం కాదు, ఒక రకం విరవడమూ కాదు. రెండూ కలిసి బయట ఉన్న తిండిని చూపిస్తున్నాయి.

ఇంకో విశేషం మాటల వరస. ముందు క్రియ, తర్వాత దాని కర్మ. ‘పిక్‌పాకెట్’ అలాంటిదే, జేబు కొట్టేవాడు. పొలంలో దిష్టిబొమ్మను చెప్పే ‘స్కేర్‌క్రో’ కూడా, కాకిని బెదిరించేది. తెలుగులో కర్మ ముందొస్తుంది: జేబు కొట్టడం, ఉపవాసం విడవడం. అందుకే మనవాళ్ళకు బ్రేక్‌ఫాస్ట్ అనగానే మాట విడిపోయి కనపడదు. వెనక నుంచి ముందుకు చదవండి, ‘ఫాస్ట్‌ను బ్రేక్ చేసేది’ అని తెలుగు వరసలోకి వచ్చేస్తుంది.

## చరిత్ర అడిగేవాళ్ళకు

ఈ మాట ఎప్పటిది? అంతకుముందు ఇంగ్లీష్‌వాళ్ళు పొద్దున్న తిండిని ఏమనేవాళ్ళు?

బ్రేక్‌ఫాస్ట్ అనే జంట మాట 15వ శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది. అంతకు చాలా ముందు, పాత ఇంగ్లీష్ కాలంలో ‘మోర్గెన్‌మెటె’ అనేవాళ్ళు. మోర్గెన్ అంటే పొద్దున్న, మెటె అంటే తిండి. ఇప్పుడు మాంసం అనే అర్థంలో వాడే ‘మీట్’ ఆ మెటెనే, అప్పట్లో దానికి ఏ తిండి అయినా అనే అర్థం. సూటిగా ఉన్న ఆ పాత మాట పోయి ఉపవాసం గుర్తుచేసే మాట నిలిచింది. మధ్యయుగాల ఐరోపాలో క్రైస్తవ ఉపవాస నియమాలు రోజువారీ బతుకులో భాగం, పొద్దున్న ప్రార్థనలో ప్రసాదం తీసుకునేదాకా ఏమీ తినకూడదన్నది అందులో ఒకటి. పొద్దున్నే తినడం ఎక్కువగా కూలీలు, పిల్లలు, రోగులు చేసే పని.

డిన్నర్ అంటే కూడా ఉపవాసం విడవడమేనట, నిజమా?

నిజమే, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. డిన్నర్ పాత ఫ్రెంచ్ ‘దిస్నేర్’ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్న లాటిన్ మాటలో ‘దిస్’ అంటే తొలగించడం, ‘జెజూనుస్’ అంటే ఉపవాసం ఉన్న అని అర్థం. అంటే పుట్టుకలో డిన్నర్ కూడా బ్రేక్‌ఫాస్టే. ఆ రోజుల్లో రోజు మొత్తానికి పెద్ద భోజనం మధ్యాహ్నం లోపే అయిపోయేది. కాలం గడిచేకొద్దీ ఆ భోజనం వేళ వెనక్కి జరుగుతూ జరుగుతూ రాత్రికి చేరింది. పేరు మాత్రం అదే మిగిలింది.

ఫ్రెంచ్‌లో ఇదే కుటుంబపు మాట ‘దెజునే’. మొదట పొద్దున్న తిండి, తర్వాత మధ్యాహ్న భోజనం అయింది. అప్పుడు పొద్దున్న తిండికి పేరు లేకుండా పోయి ‘పెతి దెజునే’, అంటే చిన్న దెజునే, అనుకోవలసి వచ్చింది. స్పానిష్‌లో ‘దెసాయునో’ ఇప్పటికీ పొద్దున్నదే.

బైపీసీ చదివిన పిల్లలు ఒక మాట దగ్గర ఆగండి. చిన్నపేగులో మధ్యభాగం ‘జెజునం’. శవాలను కోసి చూసిన పాతకాలపు వైద్యులకు ఆ భాగం ఖాళీగా కనపడేది. ఉపవాసం ఉన్న పేగు అని పేరు పెట్టారు. ఆ జెజునమూ, డిన్నర్ లోపల దాగిన జెజూనుస్సూ ఒక్కటే.

బ్రంచ్ కూడా ఇలాంటి జంట మాటేనా?

పూర్తిగా కాదు. బ్రేక్‌ఫాస్ట్‌లో రెండు మాటలూ నిండుగా ఉన్నాయి. బ్రంచ్‌లో బ్రేక్‌ఫాస్ట్ తల, లంచ్ తోక అతికించారు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీష్ రచయిత, ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్ళ కోసం ఇలాంటి భోజనం ఉండాలని వాదిస్తూ రాసిన వ్యాసంతో ఈ మాట అచ్చులోకి వచ్చింది.

## మన హైదరాబాద్ మాటల పక్కన పెట్టి చూస్తే

నాష్తా, బ్రేక్‌ఫాస్ట్ ఒకటేనా? నాష్తా అంటే అసలు అర్థం ఏంటి?

తిండి ఒకటే. మాటల ప్రయాణం కూడా దాదాపు ఒకటే, అదే ఆశ్చర్యం. నాష్తా ఫారసీ మాట. ఫారసీలో దాని అర్థం ‘ఏమీ తినకుండా ఉన్న’, మన తెలుగులో ‘పరగడుపున’. ఖాళీ కడుపును చెప్పే మాట ఉర్దూలో ఆ కడుపును నింపే తిండికి పేరైంది. ఇంగ్లీష్‌వాళ్ళు ఉపవాసాన్ని విరిచే మాట ముందు తగిలించారు. ఉర్దూలో అది కూడా లేకుండానే పని జరిగిపోయింది.

ఫారసీ మాట్లాడే ఇరాన్‌లో ఇప్పటికీ పాత అర్థమే నడుస్తోంది. అక్కడ పొద్దున్న తిండిని ‘సోబ్హానే’ అంటారు. ఫాస్టింగ్ షుగర్ రిపోర్టు మీద మాత్రం ‘నాష్తా’ అని ఉంటుంది. అంటే అక్కడ నాష్తాగా ల్యాబ్‌కు రమ్మంటే పరగడుపున రమ్మని. ఇక్కడ నాష్తా చేసి ల్యాబ్‌కు వెళితే రక్తం తీసుకోకుండా వెనక్కి పంపేస్తారు. ఇరానీ చాయ్ కప్పు పట్టుకుని “నాష్తా చేసినవా?” అని అడిగే మన ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలియాలని నా కోరిక.

టిఫిన్ ఇంగ్లీష్ మాటా, మన మాటా?

పుట్టింది ఇంగ్లీష్‌లో, పెరిగింది మన దగ్గర. గుటక వేయడాన్ని చెప్పే ‘టిఫ్’ అనే పాత వాడుక మాట నుంచి, వేళ కాని వేళ కాస్త తినడం తాగడం అనే అర్థంతో ‘టిఫింగ్’ వచ్చింది. ఇండియాలో ఉన్న ఇంగ్లీష్‌వాళ్ళు 19వ శతాబ్దంలో దాన్ని మధ్యాహ్నపు తేలిక భోజనానికి వాడారు. మనం దాన్ని పొద్దున్నకూ సాయంత్రానికీ లాక్కొచ్చి, వేళను వదిలేసి పదార్థానికి అంటించాం. ఇడ్లీ, దోశ, పూరీ, ఉప్మా ఎప్పుడు తిన్నా టిఫినే. రాత్రి తొమ్మిదింటికి దోశ తిని “అన్నం తినలేదు, టిఫిన్ చేశా” అంటాం. అందుకే టిఫిన్‌ను అన్ని చోట్లా బ్రేక్‌ఫాస్ట్ అని అనువదించకండి.

ఇఫ్తార్‌ను ఇంగ్లీష్‌లో బ్రేక్‌ఫాస్ట్ అనొచ్చా?

అర్థం అదే, వాడుక అది కాదు. ఇఫ్తార్ మాట చీల్చడం, విరవడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చింది. ఈద్-ఉల్-ఫితర్‌లోని ఫితర్ కూడా అక్కడిదే. అదే ధాతువు నుంచి అరబ్బీలో రోజూ పొద్దున్న తినే తిండికి ‘ఫుతూర్’ అని పేరు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ అన్నలు ఈ మాట వినే ఉంటారు.

రంజాన్ సాయంత్రం చార్మినార్ దగ్గర నిలబడితే కనపడుతుంది. సైరన్ మోగేదాకా ఖర్జూరం వేళ్ళ మధ్య అలాగే ఉంటుంది, మోగగానే నోటికి వెళుతుంది. అక్షరాలా ఫాస్ట్‌ను బ్రేక్ చేయడమే. కానీ ఇంగ్లీష్‌లో బ్రేక్‌ఫాస్ట్ పొద్దుటికి కట్టుబడిపోయిన మాట. కాబట్టి ఇంగ్లీష్ వాక్యంలోనూ ఇఫ్తార్ అనే రాయండి. లేదంటే ‘బ్రేక్ ద ఫాస్ట్’ అని మూడు మాటలుగా విడదీసి, ‘బ్రేక్’ను నిండుగా పలకండి.

తెలుగులో బ్రేక్‌ఫాస్ట్‌కు సరిపోయే మాట లేదా?

ఉపవాసం విడవడానికి మాటలున్నాయి. రోజూ పొద్దున్న తిండికీ మాటలున్నాయి. రెండూ ఒకే మాటలో కలవలేదు, అంతే.

పండితుల మాట ‘పారణ’. పారం అంటే అవతలి ఒడ్డు. ఏకాదశి ఉపవాసాన్ని ద్వాదశినాడు తిండితో ఒడ్డుకు చేర్చడం పారణ. ఇంగ్లీష్ మాట ఉపవాసాన్ని విరుస్తుంది, సంస్కృతం మాట దాన్ని దాటిస్తుంది. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది.

తెలంగాణ ఇళ్ళలో ఉపవాసానికి ‘ఒక్కపొద్దు’ అన్నది వాడుక మాట. అదీ జంట మాటే. ఒక్క పూటే తినడం నుంచి వచ్చింది. శివరాత్రి జాగారం చేసి మర్నాడు పొద్దున్న తలస్నానం చేసి మా అమ్మమ్మ “ఒక్కపొద్దు ఇడుస్త, అరటిపండు తే బిడ్డా” అనేది. పండు ఒలిచి, ముందు దేవుడి పటం దగ్గర పెట్టి, తర్వాత సగం తుంచి నాకిచ్చి, మిగతా సగం తినేది. బ్రేక్‌ఫాస్ట్‌కు నాకు తెలిసిన సిసలైన తెలుగు ‘ఒక్కపొద్దు ఇడుసుడు’.

ఇక రోజువారీ మాటలు. ‘చద్ది’ చల్లదనం నుంచి వచ్చింది, రాత్రి అన్నం పొద్దున్నకు చల్లబడింది కాబట్టి. ఇక్కడ ‘సద్ది’ అంటాం. ‘ఫలహారం’ కథ మరీ విచిత్రం. ఫలం, ఆహారం కలిసిన మాట అది. ఉపవాసంనాడు అన్నం మానేసి పండ్లు తినడం దాని మొదటి అర్థం. శనివారం రాత్రి అన్నం మానేసి ఉప్మా తింటే అదీ ఫలహారమైంది. అక్కడి నుంచి రోజూ తినే ఇడ్లీ కూడా ఫలహారమే అయింది. అంటే ఉపవాసంలో తినే తిండి పేరుతో ఉపవాసం విడుస్తున్నాం. పేపర్లలో రాసే ‘అల్పాహారం’ అంటే కాస్తంత తిండి అని మాత్రమే.

పొద్దున్నే చాయ్ తాగితే బ్రేక్‌ఫాస్ట్ అయినట్టేనా?

ల్యాబ్‌వాళ్ళ లెక్కలో పాలూ చక్కెరా ఉన్న చాయ్ ఫాస్టింగ్‌ను చెడగొడుతుంది. మాట వాడుకలో మాత్రం ఒట్టి చాయ్‌ను బ్రేక్‌ఫాస్ట్ అనరు. ఏదో ఒకటి తినాలి.

ఈ సందేహం చాలా పాతది. భాగవతంలో అంబరీషుడికి ఇదే ఇబ్బంది వచ్చింది. అతిథిగా వచ్చిన దుర్వాసుడు స్నానానికి వెళ్ళి రాలేదు. ద్వాదశి గడియలు దాటిపోతున్నాయి. పారణ చేయకపోతే వ్రతం చెడుతుంది, అతిథి కంటే ముందు తింటే తప్పు. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందని పెద్దలు చెబితే రాజు నీళ్ళే తాగాడు. దుర్వాసుడు మాత్రం దాన్ని తిన్నట్టే లెక్కేసి మండిపడ్డాడు.

## మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు

‘ఐ డిడ్ మై బ్రేక్‌ఫాస్ట్’ అంటే తప్పా? అందరూ అలాగే అంటున్నారు.

అది తెలుగును ఇంగ్లీష్ మాటల్లో పెట్టడం. టిఫిన్ చేశాను, నాష్తా చేసిన అంటాం కదా, ఆ ‘చేయడం’ అలాగే వచ్చేసింది. ఇంగ్లీష్‌లో ‘హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్’ అంటారు. ముందు ‘ఎ’ అక్కర్లేదు. మధ్యలో విశేషణం వస్తేనే ‘ఎ’ కావాలి, ‘ఎ హెవీ బ్రేక్‌ఫాస్ట్’ అన్నట్టు.

బ్రేక్ భూతకాలం బ్రోక్ కదా, మరి ‘బ్రోక్‌ఫాస్ట్’ అనాలా?

వద్దు. మాట అతికిపోయాక లోపలి క్రియ మారదు. బ్రేక్‌ఫాస్ట్‌ను క్రియగా వాడినా చివరనే ప్రత్యయం చేరి ‘బ్రేక్‌ఫాస్టెడ్’ అవుతుంది. అది రాతలోనే ఎక్కువ, మాటల్లో ‘హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్’ చాలు. రాసేటప్పుడు మధ్యలో ఖాళీ, గీత ఏదీ పెట్టకండి.

నాది నైట్ షిఫ్ట్. సాయంత్రం నాలుగింటికి లేచి మొదటిసారి తింటా. దాన్ని బ్రేక్‌ఫాస్ట్ అనొచ్చా?

గచ్చిబౌలిలో పనిచేసే ఒక అమ్మాయి అడిగింది ఇది. పొద్దున్న ఎనిమిదింటికి హాస్టల్‌కు వచ్చి, మిగతావాళ్ళు టిఫిన్ తింటుంటే తను పెరుగన్నం తిని పడుకుంటుంది. సాయంత్రం లేచేసరికి హాస్టల్లో స్నాక్స్ టైం. తను తినేదాన్ని ఏమనాలో తనకే తెలియట్లేదంది.

అనొచ్చు. మాట పుట్టుకలో గడియారం లేదు, తినకుండా గడిపిన సమయమే ఉంది. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచి తినే మొదటి ముద్ద, సాయంత్రం నాలుగింటికైనా, బ్రేక్‌ఫాస్టే. వినేవాళ్ళు తికమకపడతారనుకుంటే ‘మై బ్రేక్‌ఫాస్ట్, ఎట్ ఫోర్’ అని వేళ చేర్చి చెప్పమన్నాను. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో అదే రాసుకుని, పక్కన తెలుగులో ‘ఒక్కపొద్దు ఇడిసిన’ అని రాసుకుంది.